విషయసూచిక ఉంచుకుని పుస్తకాలు అమ్మిన సంగతి

పదో తరగతి పరీక్ష రాయడానికి నాకు ఐదు పుస్తకాలు ఇచ్చారు. ఐదింటిలోనూ విషయసూచిక ఉన్న పేజీలను బ్లేడుతో మెల్లగా కోసి దాచుకున్నాను. మిగిలిన పాఠాలన్నిటితో జీలకర్ర, ధనియాలు, మెంతులు పొట్లాలు కట్టి అమ్మేశాను. నలభై మూడేళ్ల వయసులో, పరీక్ష ఇంకా ఐదు నెలలుందనగా, పూర్తి తెలివిలో ఉండి చేసిన పని ఇది. బోధన్‌లో ఇంతకుముందు ఎవరూ చేసి ఉండరు. ఇకముందు ఎవరైనా చేస్తే నాకు చెప్పండి, పిలిచి చాయ్ పోస్తాను.

పొట్లాలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయి. పేపరు కాగితమైతే బెల్లం తడికి చిరుగుతుంది, సిరా గసగసాలకు అంటుకుంటుంది. పాఠ్యపుస్తకం కాగితం గట్టిది, నున్నటిది, మడత పెడితే మాట వింటుంది. ప్లాస్టిక్ కవర్లు వద్దన్నప్పటి నుంచి పాత పేపర్ల కోసం కిరాణావాళ్లం ఒకరి మీద ఒకరం పడుతున్నాం. అలాంటి రోజుల్లో ఐదు లావు పుస్తకాలు ఇంటికొస్తే దుకాణందాని చెయ్యి ఊరుకుంటుందా?

చెయ్యి ఒక్కదాని తప్పేం లేదు, కొంత రోషం కూడా ఉంది. అది చెప్పాలంటే ముందు రేషన్ దుకాణం సంగతి చెప్పాలి.

మా కిరాణాకు ఆనుకుని ఉన్న గదిలో మా అత్త ఇరవై ఏళ్లకు పైగా మా వాడకు రేషన్ డీలరు. కాగితం మీద ఆమె. చివరి ఎనిమిదేళ్లు బస్తాలు దింపించిందీ, బియ్యం తూచిందీ, వేళ్లు అరిగి మిషన్‌లో ముద్ర పడని ముసలోళ్ల బొటనవేలికి కొబ్బరినూనె రాసి మళ్లీ మళ్లీ పెట్టించిందీ నేను. అత్త పోయాక డీలర్‌షిప్ ఎవరి పేరున రాయాలన్న మాట వచ్చింది. వచ్చే ఎండాకాలం అయిపోయేలోపు పది పాసైన సర్టిఫికెట్ తెస్తే నా పేరున రాస్తామని, లేకపోతే వేరేవాళ్లకు ఇస్తామని ఆఫీసులో చెప్పారు. నేను ఏడు చదివి ఆగిపోయాను. మా ఇంటాయన ఐదు. ఆయన చెరుకు లారీ నడుపుతాడు, సీజన్‌లో ఇంటికి వచ్చేది నిద్రపోవడానికే.

వేరేవాళ్లు ఎవరంటే మా బావ, మా ఇంటాయన అన్న. ఆయనకు పది ఉంది. అప్పటికే దరఖాస్తు కూడా పెట్టేశాడు. తల్లి బతికున్నన్ని రోజులు ఆ గదిలోకి ఆయన వచ్చింది చక్కెర అడగడానికే.

నేను ఓపెన్ టెన్త్‌కు ఫీజు కట్టాను. ఆదివారం చర్చిలో ప్రార్థన అయిపోయాక పక్క గదిలో ఒక రిటైరైన టీచరమ్మ పాఠాలు చెప్పేది. మెథడిస్టు చర్చి మనిషి, తెల్ల చీర, తగ్గు గొంతు. ఇటుక పని చేసేవాళ్లు, ఆటోవాళ్లు, కోడళ్లు, ఒక అత్తా కోడలూ జంటగా, అందరం పిల్లల బెంచీల మీద మోకాళ్లు ఇరికించుకుని కూర్చునేవాళ్లం. మొదటి రోజు ఆమె పాఠమే చెప్పలేదు. పాఠం ఎట్లా చదవాలో చెప్పింది.

"ముందుగాల పాఠం పేరు సూడాలె. తర్వాత లోపలి చిన్న చిన్న శీర్షికలు సూడాలె. అండ్ల ఏముంటదో మనసుల అనుకోవాలె. గట్ల చేస్తే చదవకముందే సగం పాఠం వచ్చినట్టే."

అందరూ రాసుకున్నారు. నేను రాసుకోలేదు, నా చెవి 'సగం' దగ్గరే ఆగిపోయింది. పాసు మార్కులు ముప్పై ఐదు. పేర్లు చూస్తేనే సగం, అంటే యాభై. పదిహేను మార్కులు చేతిలో మిగులు. ముప్పై ఐదుకు వచ్చే సరుకుకు వంద పెట్టి కొనేవాళ్లు మా వంశంలో పుట్టలేదు.

నేను నిజామాబాద్ గంజ్‌లో, పసుపు యార్డు వాసన పీల్చి పెరిగాను. మా బాపుది కిరాణం. బస్తా మీద రంగుతో కొట్టిన ముద్ర, కుట్టిన దారం, మూతి మడిచిన తీరు చూసి లోపలి సరుకు ఏదో, ఏ రకమో చెప్పడం నాకు ఏడేళ్లకే వచ్చు. కొత్త బస్తా రాగానే బాపు, "చెప్పు బిడ్డా" అనేవాడు. నేను చెప్పేదాన్ని. అతని దోస్తులంతా నోళ్లు తెరిచేవాళ్లు. బస్తాలోకి గుచ్చి సరుకు బయటికి లాగే ఇనుప గొట్టం ఒకటి గోడకు వేలాడుతుండేది. నేను గొప్పగా చెప్పి ఆడుకోవడానికి పోయాక బాపు ఆ గొట్టం తీసి బస్తాను పైన, నడుమ, అడుగున మూడుచోట్ల పొడిచి చూసుకునేవాడని నాకు తెలుసు. పుస్తకాలు చేతికొచ్చిన రోజున ఆ సంగతి గుర్తుకు రాలేదు. మనకు పనికొచ్చేదే గుర్తుకొస్తుంది.

ఆ పుస్తకాలు గల్లా పక్కన పెట్టుకుని కూర్చున్న పొద్దున మా బావ వచ్చాడు. నలుగురు గిరాకీలు నిలబడి ఉన్నారు. ఒక పుస్తకం తీసి బరువు చూస్తున్నట్టు చేతిలో ఆడించాడు.

"ఏం మరదలా, ఈ ఈడుల గివి చదువుతవా? పొట్లాలకు మంచిగుంటయ్ గని."

గిరాకీలు నవ్వారు. నాకూ నవ్వే వచ్చింది. "మంచి మాట చెప్పినవ్ బావా" అన్నాను. బ్లేడు తీసి ఆయన ముందే మొదటి పుస్తకంలో విషయసూచిక కోశాను. తర్వాతి కాగితం చింపి ఆయన అడిగిన పావుకిలో పల్లీలు అందులోనే కట్టి ఇచ్చాను. ఆయన నవ్వు సగంలో ఆగింది. చింపేశాక నాకు వెనక్కి వచ్చే దారి లేదు, వచ్చే ఉద్దేశమూ లేదు. నీ పొట్లాలు కట్టుకుంటూనే పాసవుతాను చూడు, అనుకున్నాను.

విషయసూచిక పేజీలన్నిటికీ క్లిప్పు పెట్టి అగరుబత్తీల పక్కన మేకుకు తగిలించాను. గిరాకీ లేనప్పుడు ఒక పేరు చదివేదాన్ని, కళ్లు మూసుకుని లోపల ఏముంటుందో చెప్పుకునేదాన్ని. 'ఆహార పదార్థాల నిల్వ' అని ఉందనుకోండి. దానికి పుస్తకమెందుకు? బస్తా నేలకు ఆనకూడదు, గోడకు తాకకూడదు, పప్పుల్లో ఎండిన వేపాకు వేయాలి, ఎలుక బొక్కకు గాజుపెంకులు కొట్టాలి. 'వినియోగదారుని హక్కులు' మరీ సుళువు. రోజూ నా నెత్తిన పడేవే. దినాం ఒక పాఠం పూర్తవుతున్నట్టే ఉంది. నెల తిరిగేసరికి ఐదు పుస్తకాలూ వచ్చేశాయి. ఇంత తొందరగా వచ్చే చదువుకు జనం పదేళ్లు ఎందుకు పోతారో అర్థం కాలేదు.

జనవరిలో టీచరమ్మ ఒక చిన్న పరీక్ష పెట్టింది. వినియోగదారుని హక్కుల మీద నేను రెండు పేజీలు రాశాను. రుచి చూస్తానని గుప్పెడు పల్లీలు నోట్లో పోసుకుని ఏమీ కొనకుండా పోయే హక్కు, సగం వాడిన సబ్బు వాపసు తెచ్చే హక్కు, పండుగ ముందు అప్పు అడిగి పండుగ తర్వాత సందు మార్చుకునే హక్కు, ఇవన్నీ ఉండబట్టే చిన్న దుకాణాలు బతకడం లేదని ముగించాను. నిల్వ మీద కూడా నా వేపాకూ గాజుపెంకులూ రాశాను. యాభైకి పదకొండు వచ్చాయి.

కాగితం పట్టుకుని ఆమె దగ్గరికి పోయి పదిహేను చేయమన్నాను. పదిహేను కాకపోతే పద్నాలుగైనా. ఆమె అద్దాలు తీసి నా వైపు చూసింది.

"నువ్వు రాసింది అంత నిజమేనమ్మా. పాఠంల లేదు. వచ్చే వారం పుస్తకం తీస్కరా, ఇద్దరం కూసుని సూద్దం."

అట్లాగేనన్నాను. పుస్తకం ఊరంతా పొయ్యిల మీద ఉందని ఎట్లా చెప్పను?

అయినా నా పంతం పోలేదు. టీచరమ్మ దిద్దడంలోనే ఏదో ఉందనుకున్నాను. అది పోయింది రెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం, మా సందు చివర బీడీలు చుట్టే ఆమె వచ్చినప్పుడు. చెల్లె అని పిలుస్తాను.

ఆమెకు ముప్పై నాలుగు, ముప్పై ఐదేళ్లుంటాయి. ఆరు చదివింది. ఏదీ ఒక్కసారే ఎక్కువ కొనదు, ఏ రోజు సరుకు ఆ రోజే, చిన్న చిన్న పొట్లాలు. ఆ రోజు చేతిలో మడత పెట్టిన కాగితం ఉంది. సరుకు అడగలేదు.

"అక్కా, నీ కాంట అటు దిక్కు తిరిగున్నది."

"కాంట ఎటుంటే ఏంది? తూకం తూకమే."

"కాదక్కా, గిండ్ల రాసిండ్రు. అంకెలు కొనేటోల్లకు కనవడాలెనట. నీ కాంట నీ దిక్కే సూస్తుంది. బిల్లు గూడ అడగొచ్చునట. నువ్వు ఎన్నడన్న ఇచ్చినవా?"

కాగితం అందుకున్నాను. మెంతుల వాసన. పాఠం నడిమి పేజీ. వినియోగదారుని హక్కులు. అందులో ఒక్క ముక్క కూడా నేను రాసింది లేదు. మొదటి నుంచి చివరి దాకా మా లాంటి దుకాణాల మీద ఫిర్యాదే. నన్ను ఎట్లా పట్టుకోవాలో వాడ వాళ్లకు ఇంటింటికీ పొట్లం కట్టి నేనే పంచిపెట్టాను, పైసలు తీసుకుని మరీ.

కాంటా ఇటు తిప్పాను. ఇప్పటికీ ఇటే ఉంది. అది వేరే సంగతి. ఆమెను అడిగాను, ఇట్లాంటి కాగితాలు ఇంకా ఉన్నాయా అని.

"నువ్విచ్చినయన్ని ఉన్నయ్. చాప కింద పెట్టిన."

వెంటనే దుకాణం తలుపు దగ్గరేసి ఆమె వెంట పోయాను. ఆమె ఇంటి ముందు అరుగు మీద తునికాకు, తంబాకు చాట, దారపు ఉండ. చాప లేపితే అడుగున కాగితాలు, ఒక్కొక్కటీ చేత్తో సాపు చేసి పేర్చినవి. నేను పుస్తకం వరుసగా చింపేదాన్ని, ఆమె వరుసగా రోజూ వచ్చేది, కాబట్టి ఏ పాఠమైనా ఆమె దగ్గర కొంత ఉంది. బీడీ చుట్టేటప్పుడు వేళ్లకు కళ్లతో పని లేదట. కాగితం ఎదురుగా రాయి కింద పెట్టుకుని చదువుకుంటూ చుట్టేది. పాఠం మొదలయ్యే పేజీలు చాలావరకు వేరేవాళ్ల ఇళ్లకు పోవడంతో ఆమె చదివిన వాటికి పేర్లు లేవు. పేరు లేకపోతే తోచదని ఆమే పెన్సిలుతో పైన పేర్లు పెట్టుకుంది. రక్తప్రసరణ కాగితం మీద 'ఊకుండనిది' అని రాసింది. స్థానిక పరిపాలన మీద 'సర్పంచు ఏమేం జెయ్యాలె'. నాకు తెచ్చి చూపిన కాగితం మీద 'కిరాణం అక్కకు సూపియ్యాలె' అని ఉంది.

నా దగ్గర అన్ని పేర్లూ ఉన్నాయి, లోపలిది లేదు. ఆమె దగ్గర లోపలిది ఉంది, పేర్లు లేవు.

బేరం మొదలుపెట్టాను. కాగితానికి ఒక పొట్లం జీలకర్ర ఉత్తగా ఇస్తానన్నాను. వద్దంది. రెండు అన్నాను. తల కూడా ఎత్తలేదు.

"నాకు పైసలొద్దు, జీలకర్రొద్దు. పేర్లు నీ దగ్గరున్నయంటివి గదా, అవి తీస్కొని దినాం ఈడికే రా. నా కాగితాలు మాత్రం నా ఇంట్లకెల్లి పోవు."

మా బాపు చెప్పేవాడు, అమ్మేవాడు కొనేవాడి గడప తొక్కితే ధర పోయినట్టేనని. ఆ రోజు నుంచి నేను మధ్యాహ్నం రెండు గంటలకు దుకాణం మూసి, విషయసూచిక చంకలో పెట్టుకుని, ఆమె గడప తొక్కాను.

పద్ధతి ఇట్లా ఉండేది. నేను ఒక పేరు చదువుతాను. లోపల ఏముంటుందో చెబుతాను. ఆమె కాగితాల్లో వెతికి, అదేనా కాదా అని చూసి, పైకి చదువుతుంది. చేతులు మాత్రం ఆగవు. 'మొక్కల్లో నీటి రవాణా' అంటే కాలువలు, మోటార్లు అన్నాను. వేరు నుంచి ఆకు దాకా నీళ్లు ఎట్లా ఎక్కుతాయో చదివింది. 'ఆహార నిల్వ'లో ఉప్పు, చక్కెర, చలి, కంటికి కనబడని పురుగులు వచ్చాయి, నా ఎలుక రాలేదు. 'ఘనపరిమాణం' అన్న లెక్కల పాఠంలో ఒక బొమ్మ చూపించి ఇదేందక్కా అంది. మొన చివర, వెడల్పు మూతి. ముప్పై ఏళ్లుగా నేను చుట్టే పొట్లమే. దానిలో ఎంత పడుతుందో లెక్క కట్టే దారి ఉందని అప్పుడు తెలిసింది. నేనెప్పుడూ చేతి అంచనాతోనే నింపాను.

మెల్లగా ఒకటి పట్టుబడింది. పెద్ద పేరు ఒక్కటి చూసి నేను ఏది చెప్పినా నా దుకాణమే చెప్పేదాన్ని. లోపలి చిన్న శీర్షికలు కూడా చదివి చెబితే పాఠానికి దగ్గరగా వచ్చేది. రెండూ చదివి, ఆ చెల్లె చేత నడిమి పేరా ఒకటి, చివరి పేరా ఒకటి చదివించి చెబితే చాలావరకు తప్పేది కాదు. టీచరమ్మ మొదటి రోజు చెప్పింది కూడా అదే అయి ఉంటుంది. అనుకున్నాక చదివి చూసుకోవాలని ఆమె చెప్పినప్పుడు నేను మార్కులు కూడుకుంటున్నాను.

చెల్లె దగ్గర లేని కాగితాల కోసం వాడంతా తిరిగాను. ఎక్కువ పొయ్యిలో పోయాయి. కొన్ని పిల్లల ముడ్లు తుడవడానికి పోయాయి. రెంజల్ దాటి మహారాష్ట్రకు పోయిన వాటి మీద ఆశ వదులుకున్నాను. ఒకరింట్లో వాతావరణం పాఠం దేవుని పటం కింద పరిచారు. పటం లేపకూడదన్నారు. నేను చేతులు కట్టుకుని నిలబడి, పటం అంచు చుట్టూ కనబడిందంతా రెండుసార్లు చదివాను. భక్తి బాగా కుదిరిందని ఆ ఇంటామె ఇప్పటికీ చెబుతుంది.

ఫిబ్రవరి మొదట్లో ఒకరోజు చెల్లె చుట్టడం ఆపకుండానే అడిగింది.

"నేను గూడ రాయొచ్చునా అక్కా, ఈ పరీక్ష?"

"ఫారాలు అయిపోయినయ్" అన్నాను. ఆలోచించకుండానే అన్నాను. ఆలస్య రుసుముతో ఇంకా వారం గడువు ఉందని, చదవగలిగేవాళ్లెవరైనా ఉంటే తీసుకురమ్మని మొన్నటి ఆదివారమే టీచరమ్మ అందరికీ చెప్పింది.

ఆమె సరేనని తర్వాతి కాగితం తీసింది. ఆ రోజు 'న్యాయ వ్యవస్థ' చదివింది. పాఠాల పేర్లకు సిగ్గు ఉండదు.

ఆ నెలలోనే మా బావ ఆ సందులో పోతూ మమ్మల్ని చూశాడు. ఆమె చదవడం, నేను వినడం.

"పరీక్ష నువ్వు రాస్తున్నవా, ఆమె రాస్తుందా?"

ఆ మాట నాకు గుచ్చుకుంది, ఆయన అనుకున్న చోట మాత్రం కాదు. తలెత్తి అన్నాను:

"ఇరవై ఏండ్లల్ల నీ అవ్వ బియ్యం బస్తా ఒక్కటన్న లేపినవా బావా? లేపిన్నాడు వచ్చి అడుగు, చెప్త."

చెల్లె ఆకు కత్తిరిస్తూ ముసిముసిగా నవ్వింది. బావ పోయాడు. మళ్లీ ఆ సందులో రాలేదు, చుట్టు తిరిగి పోయేవాడు.

పరీక్షలు నిజామాబాద్‌లో పడ్డాయి. పొద్దున్నే బస్సు, చేతిలో పెరుగన్నం డబ్బా, నా పక్క సీట్లలో నా ఈడువాళ్లు కళ్లు మూసుకుని పెదాలు కదిలించడం. తెలుగు పేపరులో ఎవరూ చదవని గద్యం ఒకటి ఇచ్చి ప్రశ్నలు అడిగారు. వానపాములు నేల కింద ఏం చేస్తాయో ఉంది అందులో. చివరి ప్రశ్న, దీనికి సరైన శీర్షిక పెట్టండి. పేరు చూసి లోపలిది చెప్పమంటే నేను జన్మంతా చెప్పాను. లోపలిది చదివి పేరు పెట్టమని నన్ను ఎవరూ అడగలేదు. 'రైతు నేస్తం' అని రాయబోయాను. అది ఏ బస్తాకైనా సరిపోయే ముద్రలా అనిపించింది. మళ్లీ చదివాను. చదివి, 'పొలాన్ని కింది నుంచి దున్నేవాళ్లు' అని రాశాను. దానికి మార్కు పడిందో లేదో ఇప్పటికీ తెలియదు. పడకపోతే దిద్దినవాళ్ల ఖర్మ.

సాంఘికశాస్త్రంలో 'వలసలు' మీద పెద్ద ప్రశ్న వచ్చింది. ఆ పాఠం మొత్తం పొయ్యిల పాలైంది, ఒక్క ముక్క దొరకలేదు. విషయసూచికలో దాని కింద మూడు చిన్న శీర్షికలు ఉన్నాయి: కారణాలు, ఫలితాలు, తిరిగి రావడం. ఆ మూడింటి కింద మూడు పేజీలు నింపాను. సీజన్‌కు మరాఠ్వాడా నుంచి వచ్చి చెరుకు కొట్టేవాళ్లు, వాళ్ల గుడిసెలు, ఎడ్ల పక్కన నిద్రపోయే పిల్లలు, మా ఇక్కడ చక్కెర ఫ్యాక్టరీలో గానుగ ఆడటం తగ్గాక వాళ్ల మేస్త్రీలు వేరే దారులు పట్టడం, మా ఇంటాయన లారీ ఇప్పుడు ఎంత దూరం పోయి ఖాళీ చేసి వస్తుందో. నేను చూసిందే రాశాను. పాఠంలో ఏముందో ఇప్పటికీ చదవలేదు.

ఫలితాలు వచ్చాయి. తెలుగు అరవై ఒకటి. లెక్కలు నలభై. ఇంకో రెండూ గట్టెక్కాయి. సాంఘికం ముప్పై ఐదు. ఒకటి తగ్గలేదు, ఒకటి మిగల్లేదు. గంజ్‌లో పుట్టి పెరిగిన నేను అంత కచ్చితంగా తెగిన బేరం ఇంకోటి చూడలేదు.

సర్టిఫికెట్ ఇచ్చాను. డీలర్‌షిప్ నా పేరున రాశారు. మా బావ మొదటి నెల బియ్యానికి కార్డు పట్టుకుని వరుసలో నిలబడ్డాడు. వేలిముద్ర మొదటిసారి పడలేదు. కొబ్బరినూనె రాశాను, రెండోసారి పడింది. కాంటా అంకెలు ఆయనకు కనబడేట్టు బియ్యం తూచి ఇచ్చాను.

వానలు మొదలయ్యాక స్వీటు పట్టుకుని టీచరమ్మ దగ్గరికి పోయాను. కొత్త జట్టుకు పుస్తకాలు తక్కువ పడ్డాయని, నావి ఇస్తే ఎవరికైనా పనికొస్తాయని అడిగింది. అప్పుడు చెప్పాను పొట్లాల సంగతంతా. ఆమె చాలాసేపు నవ్వింది, అద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. తర్వాత మెల్లగా అడిగింది, నా కాగితాలు చదివి వినిపించిన ఆమె పరీక్ష ఎందుకు రాయలేదని. ఏదో చెప్పి లేచి వచ్చాను.

ఆ సాయంత్రమే చెల్లె అరుగు మీద కూర్చుని చెప్పేశాను. ఫిబ్రవరిల నువ్వడిగిన్నాడు ఫారానికి ఇంకా వారం ఉండె, నాకెర్క, నీకు చెప్పలేదు. ఆమె చేతిలో సగం చుట్టిన బీడీ ఉంది. దాన్ని పూర్తిగా చుట్టి, దారం కట్టి, చాటలో పెట్టింది.

"ఎందుకక్కా?"

"నువ్వు పాసైతె డీలరుకు నువ్వు గూడ పెడ్తవని. నాకంటె ఎక్కువ మార్కులొస్తయని."

"నాకు రేషన్ దుకాణమెందుకు? బస్తాలు లేపే నడుమా ఇది?" కాసేపు ఆకులు సర్దింది. "మొన్న మన వాడ అంగన్‌వాడీల పోస్టు పడ్డది. పది అడిగిండ్రు. ముప్పై ఐదు దాటొద్దన్నరు. నాకు వచ్చే నెల ముప్పై ఆరు పడ్తది."

ఆ పోస్టు సంగతి నాకు తెలియదు. తెలిస్తే అప్పుడు నోరు విప్పేదాన్నా అంటే, విప్పేదాన్నని ప్రమాణం చేయను.

పదహారు రోజులు ఆమె నా దుకాణానికి రాలేదు. బజారుకు పోయి తెచ్చుకుంది. పదిహేడో రోజు వచ్చి మెంతులు అడిగింది, కాంటా అంకెలు చూసుకుంది, బిల్లు రాయమంది. రాసి ఇచ్చాను. ఈ ఏడు ఆమె ఫారం నింపింది. ఫీజు నేను కడతానన్నాను, వద్దని తనే కట్టింది. కొత్త పుస్తకాలు ఆమె ఇంట్లో ఉన్నాయి, అట్టలతో సహా. మధ్యాహ్నాలు నన్ను పిలవదు.

ఇది చదివి, సిగ్గుపడి రేషన్ దుకాణం ఆమెకు రాసిస్తాననో, మా బావకు వదిలేస్తాననో ఎవరైనా అనుకుంటే అనుకోవద్దు. ఎనిమిదేళ్లు బస్తాలు ఎత్తాను, అది నాది. పుస్తకాలు చింపినందుకు కూడా నాకు చింత లేదు. ఐదు పుస్తకాలు, మూడు నెలల మధ్యాహ్నాల గిరాకీ, టీచరమ్మతో ఒక అబద్ధం, ఇవన్నీ నేను పెట్టింది, నాకే పోయింది. మిగిలిన నష్టం నాకు కాదు, చెల్లెకు. ఒక వారం గడువు నేను దాచాను, దానితో ఆమెకు ఒక ఏడాది పోయింది, ఏడాదితో పాటు ఇక వయసు దాటి మళ్లీ రాని ఉద్యోగం ఒకటి పోయింది. ఆ ఉద్యోగం ఆమెకే వచ్చేదా అంటే చెప్పలేను. అడిగే వీలు మాత్రం ఆమెకు లేకుండా చేసింది నేను. ఏ బిల్లయినా చివర కొంత కొట్టేసి ఇవ్వడం మా ఇంటి అలవాటు. దీంట్లో కొట్టేయడానికి ఏమీ లేదు, మొత్తం నా పేరున రాసుకున్నాను.